గాలివాన కూర

నా చిన్నప్పుడు, దీపావళి వెళ్లిన వారానికి, ఒక్క రాత్రి వీచిన గాలివానలో మా వీధి పోగొట్టుకున్నవాటి లెక్క ఇది. కొబ్బరిచెట్లు ముప్పై ఒకటి. తాటాకు కప్పులు నాలుగు, పూర్తిగా. పెంకుటిళ్లలో మాది తప్ప మిగతావాటి పెంకులు ఎన్ని పోయాయో ఎవరూ లెక్కపెట్టలేదు. నేను పెడదామని బయల్దేరితే మా అమ్మ తిట్టింది. అరటితోటలు రెండు, మొదలంటా. గడ్డిమేటు ఒకటి, అది చెదరకుండా ఉన్నదున్నట్టు లేచివెళ్లి కాలవ అవతలి గట్టు మీద కూర్చుంది, కాబట్టి అది పోయినట్టా, చోటు మారినట్టా అన్న వాదన చాలా రోజులు నడిచింది. కోళ్లు పదిహేడు, అందులో తొమ్మిది తరవాత వాటంతటవే తిరిగొచ్చాయి, కనక ఎనిమిది. బడి కప్పు మీద రేకులు. నా పలక. మనుషులు, సున్నా. ఆ సున్నా ఉండబట్టే మిగతా అంకెల్ని ఇవాళ నవ్వుతూ రాయగలుగుతున్నాను.

నేను చదివింది పదో తరగతి వరకే. లెక్కలు ఒకరి దగ్గర కూర్చుని నేర్చుకోలేదు. కనబడిన ప్రతిదాన్నీ లెక్కపెట్టే అలవాటు ఉంది, ఆ అలవాటే నేర్పింది. ఇప్పుడు మా చుట్టుపక్కల ఊళ్లలో ఎవరింట్లో పెళ్లయినా, గృహప్రవేశమైనా, ఇంతమంది వస్తారు, బియ్యం ఎంత, కంద ఎంత, బచ్చలి ఎన్ని కట్టలు అని నాకు ఫోన్ చేసి అడుగుతారు. చెబుతాను. చాలలేదన్న మాట ఇంతవరకు రాలేదు. అయితే లెక్కల విషయంలో నాకు దొరికిన అసలు పాఠం ఆ గాలివాన తరవాత, తొమ్మిదేళ్ల వయసులో, ఒక ఇత్తడి గుండిగ పక్కన దొరికింది. నేర్పింది మా మామ్మ, అంటే మా నాన్నగారి అమ్మ.

గాలి తగ్గాక రెండు రోజులు ఎవరింట్లో ఉన్నది వాళ్లు తిన్నారు. అటుకులు, బెల్లం, రాలిపడ్డ కొబ్బరికాయలు. తణుకు నుంచి వచ్చే బస్సు రోడ్డుకి అడ్డంగా పడ్డ చెట్ల అవతలే ఆగిపోయింది. బియ్యం ఉన్నవాళ్లకి ఎండుకట్టెలు లేవు. కట్టెలున్నవాళ్లకి పొయ్యి నీళ్లలో ఉంది. మా వీధిలో పదకొండిళ్లు. ఒక్కో ఇంట్లో ఒక్కో లోటు. మూడో రోజు పొద్దున్న మా మామ్మ అరుగు మీద నిలబడి వీధి అటూ ఇటూ చూసి, భూమి మీద ఉన్నవి పోయాయి గానీ భూమిలో ఉన్నవి ఎక్కడికి పోతాయి అంది. ఆవిడ అన్నది కంద గురించి.

మా వైపు పెరట్లో కంద లేని ఇల్లు ఉండదు. కావలసినప్పుడు తవ్వుకోవడం, లేనప్పుడు దాని మానాన దాన్ని ఊరనివ్వడం. పెళ్లిలో ఎన్ని రకాలు వడ్డించినా కందాబచ్చలి కూర లేకపోతే అది భోజనం కింద లెక్కలోకి రాదు. కందముక్కలు, బచ్చలాకు చింతపండు పులుసులో మెత్తగా కలిసిపోయేదాకా ఉడికించి, దించి, పోపు పెట్టి, చల్లారాక నూరిన ఆవ కలుపుతారు. వేడి మీద కలిపితే చేదెక్కుతుంది. వేడన్నంలో ఆ కూర ముద్ద వేసుకుని కాస్త నూనె చుక్క వేసుకుంటే, ఏ దిగులైనా ఆ పూటకి వాయిదా పడుతుంది. మామ్మ ఆ రోజు వేసిన పథకం ఇంతే. మా ఇంటి కప్పు నిలబడింది, అటక మీద ఎండుకట్టెలున్నాయి, గాదెలో పైన తడిసినా అడుగున బియ్యం బాగానే ఉన్నాయి. కనక వంట మా వాకిట్లో. ఇంటికో కంద తవ్వి తేవాలి. బచ్చలి మా నూతి పక్క పాదుది. ఆవాలు మూత బిగిసిన డబ్బాలో ఎవరింట్లో ఉంటే వాళ్లు ఇవ్వాలి. అందరికీ ఒకటే కూర, ఒకటే బంతి. బంతి అంటే భోజనానికి కూర్చున్న వరస.

బెల్లం తూచే త్రాసు మా ఇంట్లో ఉండేది. మామ్మ నన్ను దాని దగ్గర కూర్చోబెట్టింది. మొత్తం కంద ఎంతో తెలిస్తే ఎంత చింతపండు నానెయ్యాలో తేలుతుంది. చింతపండు తగ్గితే కంద నోరు దురద పెడుతుంది. పలక పోయింది కనక అంతా బుర్రలోనే పెట్టుకున్నాను. ఎవరింటిది ఎంత తూగింది, ఏది గుండ్రంగా ఉంది, ఏది బల్లపరుపుగా ఉంది, పార తగిలి తెగిన చోట లోపల ఏ రంగుంది. మొత్తం ఎన్ని కిలోలయిందో మాత్రం అడిగినవాళ్లూ అడగనివాళ్లూ అందరూ విన్నారు. ఆ పూట వీధిలో నా అంత గొప్పవాళ్లు లేరనుకున్నాను.

పక్కింటి అక్క కూడా కంద తెచ్చింది, పమిట కొంగులో చుట్టుకుని. మాకు రెండు పక్కలా ఇళ్లున్నాయి, ఏ పక్కో చెప్పను. అప్పటికి ఆమె కోడలై వచ్చి నాలుగు నెలలు. తుని దాటాక ఎక్కడో వాళ్ల ఊరు. అక్కడ కంద సంతలో కొనుక్కునేదే తప్ప తవ్వుకునేది కాదట. నాకు జడ వేసేది, కూడికల పందెం వేసి కావాలని ఓడిపోయేది. ఆ రోజు మోచేతుల దాకా బురదతో వచ్చి, "ఇది నేనే తవ్వానే. మా అత్తయ్యగారు పెంకులు ఏరుకుంటుంటే నేనే వెళ్లి తవ్వేశాను," అంది, పరీక్ష ప్యాసైనట్టు. నేను తూచాను. రెండు కిలోలకి కొంచెం తక్కువ. పార తగిలిన చోట, మిగతా కందలన్నీ లేత పసుపుగా ఉంటే, అదొక్కటీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. తెల్లగా ఉంది అని గుర్తుపెట్టుకున్నాను, అంతకు మించి ఆలోచించలేదు.

ఇక్కడ మా వీధి సంగతి ఒకటి చెప్పాలి. మా వీధిలో ఎవరైనా పదిమంది మధ్య ఒక్క తప్పు చేస్తే, ఆ తప్పు పేరై అంటుకుంటుంది, చచ్చినా వదలదు. మూడిళ్ల అవతల ఒక బాబాయి ఉండేవాడు. పదహారేళ్ల వయసులో ఎవరి పెళ్లిలోనో మొదటి బంతిలో తిని, మొహం కడుక్కుని, చొక్కా మార్చుకుని రెండో బంతిలో కూర్చున్నాడట. అంతే, ఆయన రెండోబంతి అయిపోయాడు. తరవాత ఆయన సర్కారు ఉద్యోగం చేశాడు, ఇల్లు కట్టాడు, ఇద్దరు తమ్ముళ్లని చదివించాడు. కూతురికి సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు మాత్రం వీధి మొదట్లో నిలబడి "రెండోబంతి గారిల్లు ఎక్కడండి" అని అడిగారు. ఆయన ఎదురుగుండా ఎవరూ అనరు. అందుకే ఆయనకి, వీధిలో ఇంకెవరికైనా కొత్త పేరు వస్తే తన పాతది మరుగున పడుతుందేమోనని ఒక ఆశ.

మధ్యాహ్నానికి గుండిగ పొయ్యెక్కింది. కట్టెలు కలిసొస్తాయని మూత బిగించి మూత మీద కూడా నిప్పులు పోశారు. వాసన వీధి చివరిదాకా పోయింది. మూడు రోజుల తడిబట్టల వాసన మధ్య ఇంగువ పోపు వాసన రాగానే, గోడ కూలిన ఇంటి తాతగారు కూడా, ఆయన ఎక్కడికీ రాననుకుని కూర్చున్న మనిషి, చేతికర్ర పట్టుకుని వచ్చేశారు. అరటితోటలు పడిపోయాయి కనక ఆకులకి లోటు లేదు. చిరిగినవే అయినా ఒక్కొక్కరికి రెండేసి వేశాం. అన్నం, కూర, మాగిన నిమ్మకాయ ఊరగాయ. మొదటి ముద్దకే మా అమ్మ కళ్లు తుడుచుకోవడం చూసి కూర కారంగా ఉందేమో అనుకున్నాను.

మూడో ముద్దకో నాలుగో ముద్దకో మొదలైంది.

మా వైపు బంతిలో కూర్చున్నవాళ్లు వంటకి వంక పెట్టరు. అందులోనూ అది అందరూ కలిసి చేసుకున్న వంట. కనక ఎవరి మటుకు వాళ్లు, నాకొక్కడికే ఇలా ఉందేమో అనుకుని, మర్యాదగా గొంతు సవరించుకున్నారు. ఒకాయన సవరించుకున్నాడు, పక్కాయన సవరించుకున్నాడు. దగ్గు బంతి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పాకి మళ్లీ వెనక్కొచ్చింది. అందరూ ఎదుటివాళ్ల మొహం చూడకుండా ఆకులోకే చూస్తున్నారు. చివరికి నాలుగేళ్ల పిల్లాడొకడు నాలుక బయటపెట్టి వేళ్లతో గోక్కుంటూ, "అమ్మా, నాలిక్కి చీమలెక్కాయి," అన్నాడు. అంతే, బంతి బంతంతా ఒక్కసారి గొంతు పట్టుకుంది.

బాబాయి చెయ్యి ఆకులో పెట్టే, మెడ నిటారుగా చేసి అన్నాడు. "ఇది మంచి కంద కాదండి. దొడ్డి కంచెల పక్క మొలుస్తుందే, దురదకంద, అది కలిసింది ఇందులో. లోపల తెల్లగా ఉంటుంది అది. ఎవరింటిదో తేలాలండి."

"ఎవరిదైతే ఏముందిలే అబ్బాయ్, తిను," అంది మామ్మ.

"అదేంటి పిన్నిగారూ. వీధి వీధంతా నాలుకలు గోక్కుంటుంటే ఎవరి చలవో తెలుసుకోవద్దా? సన్మానం చెయ్యొద్దూ?"

కొందరు నవ్వారు. ఎవరో ఆ మూల నుంచి, పేరు కూడా తయారుగానే ఉందన్నారు. దురదకంద. అది నాలుక మీదకి ఎంత సులువుగా వస్తుందో అందరికీ ఒకేసారి అర్థమైంది. అక్క వాళ్ల అత్తగారైతే ముందే గట్టిగా, "మాది కాదమ్మా. మా కంద మూడేళ్లది, వెన్నపూసలా ఉడుకుద్ది, ఎవర్నైనా అడగండి," అనేసింది. అక్క వడ్డిస్తున్న గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. గాలికి కందకాడలన్నీ విరిగి ఎగిరిపోయాయి కదా, ఏది పెరటి కంద, ఏది కంచె పక్క అడవి కంద అని పైన ఆనవాలు లేదు. తెలిసినవాళ్లయితే చోటుని బట్టి తవ్వుతారు. వచ్చి నాలుగు నెలలైన పిల్ల, కాలికి మెత్తగా తగిలిన చోట తవ్వింది. ఇదంతా నాకు తరవాత తెలిసింది. ఆ క్షణాన నాకు తెలిసింది ఒక్కటే. తెల్లగా ఉన్నది ఎవరిదో నేను చూశాను.

ఎవరూ చెప్పలేని జవాబు మన దగ్గరుంటే తొమ్మిదేళ్ల వయసులో అది కడుపులో ఆగదు. నేను ఆకు ముందు నుంచి లేచి నిలబడి, "నాకు తెలుసు," అన్నాను.

నలభై మంది తలలు నా వైపు తిరిగాయి. అంతమంది పెద్దవాళ్లు నన్ను చూడడం అదే మొదలు. అక్క కూడా చూసింది. ఆ చూపుని నేను చూశాను గానీ, దానర్థం తీసుకోవడానికి నాకు తీరిక లేదు, ఎందుకంటే బాబాయి అప్పటికే, "చెప్పమ్మా, చెప్పు. త్రాసు దగ్గర కూర్చున్నది నువ్వేగా. పిల్లలు అబద్ధం చెప్పరండి," అంటున్నాడు.

మామ్మ గుండిగ దగ్గర నుంచి కదల్లేదు. "చెప్పనివ్వరా. అది లెక్క తప్పదు," అంది. తరవాత నాకేసి తిరిగి, "అమ్మడూ, చెప్పేదేదో పూర్తిగా చెప్పు. లెక్కన్నాక వచ్చింది ఎంతో, పోయింది ఎంతో రెండూ ఉండాలి కదా. ఎవరింటి కంద లోపలికి వచ్చిందో నీకు తెలుసు. మరి ఎవరింటి ముక్క ఎవరి ఆకులోకి వెళ్లిందో ముందు అది చెప్పు. మీ బాబాయి ఆకు దగ్గర మొదలుపెట్టు. ఆయన తిన్నవాటిలో మనింటివి ఎన్ని?"

నేను బాబాయి ఆకు వంక చూశాను. అందులో ముక్కలే లేవు. కంద, బచ్చలి, పులుసు అన్నీ ఒకటై, గరిటె గుచ్చితే నిలబడే ముద్దగా ఉంది.

"తెలీదు," అన్నాను.

"మరి మీ అమ్మ ఆకులో?"

"తెలీదు మామ్మా."

"అయితే సగమే ఉంది నీ లెక్క. రెండో సగం దొరికాక రెండూ కలిపి చెబుదువుగాని, కూర్చో," అంది. నేను కూర్చున్నాను. నాకు ఏడుపొచ్చింది. అన్యాయమనిపించింది కూడా, ఎందుకంటే నా సగం తప్పు కాదు.

బాబాయి వదల్లేదు. "అలా దాటేస్తే ఎలాగండి. ఏదో ఒకటి అనుకోకపోతే వీధి ఊరుకుంటుందా?"

"ఊరుకోదు. నాకు తెలీదూ?" అంది మామ్మ. "పేరు పెట్టాల్సిందేనంటావా, పెడదాం. గుండిగలో పడకముందు అది పదకొండిళ్ల కంద. పడ్డాక ఒకటే కూర. ఈ కూర మనచేత వండించింది ఎవరు? గాలివాన. కనక ఇది గాలివాన కూర. దురద దానిది, పేరు దానికి."

"గాలివానకి పేరు పెడితే దానికేం సిగ్గండి?"

"అందుకేరా పెట్టింది. సిగ్గుపడనిదానికి పెడితే ఎవరికీ నొప్పి లేదు." మామ్మ గొంతు కొంచెం తగ్గింది. "నీకు పెట్టిన రోజున నేను పురిటికి మా పుట్టింట్లో ఉన్నాను. ఊళ్లో ఉంటే ఆ వేళే ఆ పేరు నీకు కాకుండా నీ ఆకలికి పెట్టించేదాన్ని. పదహారేళ్ల పిల్లాడు, ఆకలేసి కూర్చున్నాడు. దానికి ఇన్నేళ్లా?"

 బాబాయి ఎదురుగా ఆ మాట ఎత్తినవాళ్లు అప్పటిదాకా లేరు. ఆయన చొక్కా భుజానికి కళ్లు ఒత్తుకున్నాడు, దురదకైతే గొంతు ఒత్తుకోవాలి. ఆ తరవాత ఆకు ముందుకి జరిపి, "ఎలాగూ నోరు దురద పట్టేసింది. ఇంకో గరిటె వెయ్యండి పిన్నిగారూ. రెండోసారి తినడం నాకు కొత్తా?" అన్నాడు.

ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినబడుతుంది. మూడు రోజులుగా నవ్వనివాళ్ల నవ్వు. గోడ కూలిన తాతగారు నవ్వుతూ దగ్గి, దగ్గుతూ నవ్వి, రెండిటికీ మధ్య నిమ్మకాయ బద్ద నోట్లో పెట్టుకున్నారు. పులుపు తగిలితే దురద తగ్గుతుందని మామ్మ ఊరగాయ జాడీ మొత్తం బంతిలోకి పంపింది. అక్క గరిటె కింద పెట్టి, ఏదో చెప్పడానికి నోరు తెరిచి అడుగు ముందుకేసింది. మామ్మ ఆమె వైపు చూడకుండానే, "అమ్మాయ్, జాడీ ఆ చివరిదాకా వెళ్లలేదు, చూడు," అంది. అక్క జాడీ పట్టుకుని ఆ చివరికి వెళ్లింది.

సాయంత్రం మామ్మ నూతి దగ్గర కూర్చుని చేతులకి చింతపండు గుజ్జు రుద్దుకుంటోంది. మోచేతుల దాకా ఎర్రగా దద్దుర్లు. నేను అలిగి దూరంగా నిలబడ్డాను. కాసేపటికి అలక కన్నా ప్రశ్న బరువైంది.

"నీకు తెలుసా మామ్మా, ఎవరిదో?"

"తరిగింది నేనే కదే. సగం తరిగాక చేతులు చెప్పాయి."

"మరి ఏరెయ్యలేదేం?"

"కనబడినన్ని ఏరాను. అప్పటికే అన్నీ ఒకే గంపలో పడ్డాయి. ఉన్న చింతపండంతా పోశాను, అయినా కొంచెం మిగిలింది దురద."

"పారబొయ్యాల్సింది."

ఆవిడ నాకు జవాబు చెప్పేటప్పుడు చిన్నపిల్లకి చెబుతున్నట్టు చెప్పేది కాదు. "రెండు రోజులై అన్నం మొహం చూడనివాళ్ల ముందు కూర పారబోస్తే, ఎవరిదా అని వెతుకుతారు. ఆకలి మీద వెతికితే మనిషి దొరికిపోతుంది. కడుపు నిండాక వెతికితే కాస్త నవ్వుకుని వదిలేస్తారు. నోటి దురద రేపటికి పోద్ది. పేరు పోదు. ఆ పిల్ల ఇక్కడే ముసలిదవ్వాలి." తరవాత చేతులు కడుక్కుంటూ, "నువ్వు చెప్పిందాంట్లో తప్పు లేదు. నీకు లెక్క వచ్చు. అది ఎప్పుడు చెప్పాలో ఇంకా రాలేదు, వస్తుందిలే," అంది.

మర్నాడు అక్క జడ వేస్తూ, "నువ్వు చెప్పేస్తావనుకున్నా," అంది. "చెప్పేదాన్నే," అన్నాను. అబద్ధం ఆడలేదు.  ఆ రోజు జడ ఎప్పటికన్నా బిగుతుగా ఉంది. అది కోపమో ఇష్టమో నాకు ఈనాటికీ తేలలేదు.

పేరు మాత్రం అంటుకుంది, మామ్మ ఎక్కడ అంటించిందో అక్కడే. మరుసటి కార్తీకంలో సమారాధనకి కాలవ పక్క కొబ్బరితోటకి వెళ్లినప్పుడు, ఏం వండుదామంటే ఎవరో గాలివాన కూర అన్నారు. ఇంటికో కంద తెచ్చారు. అది ఆనవాయితీ అయింది. పెళ్లిళ్లకి, గృహప్రవేశాలకి వెళ్లింది. ఇప్పుడు వంటవాళ్లకి మెనూ చెప్పేటప్పుడు కూడా మా ఊరివాళ్లు అదే పేరు రాయిస్తారు, వంటవాళ్లు అదేదో కొత్త రకమనుకుని భయపడతారు. కందాబచ్చలేనండి అని నేను ఫోన్‌లో సర్దిచెప్పాలి. మొదటి ముద్ద ముందు బంతిలో ఉన్నవాళ్లందరూ కలిసి ఒకసారి గొంతు సవరించుకోవడం కూడా అలవాటైంది. అందులో పిల్లలదే పెద్ద గొంతు. కొత్త అల్లుళ్లు బిత్తరపోయి చూస్తారు.

మామ్మ ఇంకో పద్ధతి పెట్టింది. ఇంటింటి కందలూ ఒక తెర వెనక ఒక్క మనిషే అందుకుని, చెక్కు తీసి, ముక్కల్ని కలిపేదాకా ఇంకెవరూ చూడకూడదు. ఏ ముక్క చెయ్యి దురద పెట్టినా ఆ మనిషే తీసేస్తుంది, ఎవరిదీ అని అడగదు. ఇప్పటి పిల్లలకి ఎందుకో తెలీదు. ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు, గాలి తగిలితే కంద నల్లబడుతుందని, అందుకే ఈ ఏర్పాటని నాకే వివరించాడు. పురోహితుడుగారు దిష్టి అన్నారు. నేను రెండిటికీ తలూపాను. మామ్మ పోయాక ఆ తెర వెనక కూర్చునేది నేనే. చింతపండు లెక్కకి మొత్తం తూకం చాలు, విడివిడిగా ఎవరిది ఎంతో నాకూ అక్కర్లేదు.

ఆ రోజు నుంచి నాతో ఉండిపోయింది ఇది. ఎవరో ఏదో తగ్గిందని, ఎవరి వల్లో తేల్చమని నన్ను పిలుస్తారు. పెళ్లిలో పెరుగు చాలకపోవడం దగ్గర నుంచి అన్నదమ్ముల వాటాల దాకా. తేల్చగలను. చాలాసార్లు త్రాసు దగ్గరే తేలిపోతుంది. కానీ నోరు తెరిచే ముందు, ఈ లెక్కలో నాకు తెలియని సగం ఎంతో చూసుకుంటాను. చూసుకుంటే చాలాసార్లు చెప్పాల్సిన అవసరం కనబడదు. వాళ్లకి అన్నం పెట్టించి పంపిస్తాను.

ఇదంతా అక్కకి చెప్పే రాస్తున్నాను. "రాయి, పక్కింటి అక్క అని రాయి చాలు," అంది. ఆమెకిప్పుడు అరవై దాటాయి. ఇద్దరు కోడళ్లు, వాళ్లకి కంద తవ్వడం ఆమే నేర్పింది. ఆ గాలివాన తరవాతి ఏడాది ఒకరోజు నన్ను పిలిచి, ఆ పూట బంతిలో ఎంతమంది తిన్నారని అడిగింది. వడ్డించినవాళ్లతో కలిపి నలభై ఏడు, నిన్ను తీసేస్తే నలభై ఆరు అన్నాను.  ఆ కార్తీకంలో తన పెరట్లో ఊరిన అన్నిటికన్నా మంచి కంద తవ్వి, కడిగి, నాలిక్కి చీమలెక్కిన పిల్లాడింట్లో ఇచ్చి వచ్చింది. ఆపై ఏడాది గోడ కూలిన తాతగారింట్లో. ఏడాదికి ఒక్కరికి, ఒకటి. పోయినవాళ్లది వాళ్ల పిల్లలకి. ఊరొదిలి వెళ్లినవాళ్లది బస్సులో పంపుతుంది. పోయిన కార్తీకంలో బాబాయి మనవడికి ఇచ్చింది. ఆ కుర్రాడు హైదరాబాదు కారు డిక్కీలో పెట్టుకుని, ఎందుకిచ్చారు మామ్మగారూ అని అడిగితే, "మీ తాతగారు ఒకసారి నా చేత రెండో గరిటె వేయించుకున్నార్లే నాయనా," అందట. ఆవేళ రెండో గరిటె వేసింది మా మామ్మ. అయినా నేను దిద్దలేదు.

నా వంతు ఎప్పుడని అడిగితే నవ్వుతుంది. "నీది చివర్న. నీకిచ్చేస్తే లెక్క అయిపోద్ది, ఆ తరవాత ఎంత మిగిలిందని నన్ను అడిగేదెవరే?" అంటుంది. అందుకని ప్రతి కార్తీకంలో నేను అడుగుతాను, ఆమె చెబుతుంది, ఇద్దరం వేళ్ల మీద సరిచూసుకుంటాం. నలభై ఆరులో నలభై రెండు వెళ్లాయి. ఇంకా ఇవ్వాల్సినవి నాలుగు.